హైదరాబాద్‌కి కొత్తగా వచ్చిన టైప్ వన్ షుగర్ వాళ్లకి: మొదటి గ్లూకోజ్ సెన్సర్ కొనేముందు

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు, పుట్టి పెరిగింది న్యూజెర్సీలో, కొండాపూర్‌లో ఒక మెడికల్ షాపు ముందు నిలబడి ఫొటో పంపాడు. "అన్నా, లిబ్రే ఉందట, తీసుకోనా?" లిబ్రే అంటే చేతికి అంటించుకుంటే షుగర్ కొలిచే సెన్సర్. నేను మీటింగ్‌లోంచి బయటపడి చూసేసరికి కొనడమూ అయింది, చేతికి పెట్టుకోవడమూ అయింది. మర్నాడు పొద్దున అడిగాడు, దీనికి అలారం ఎక్కడ ఆన్ చెయ్యాలని. దీనికి అలారం లేదు నాయనా. ఇది పాత లిబ్రే. ఫోన్ దగ్గర పెట్టి స్కాన్ చేస్తే నంబరు చెప్తుంది, చెయ్యకపోతే చెప్పదు. నిద్రలో షుగర్ నలభైకి పడిపోయినా నోరు విప్పదు.

వాడి తప్పేం లేదు. అక్కడ వాళ్ల నాన్న ఇన్సూరెన్స్ మీద పెట్టెలు ఇంటికి వచ్చేవి. తన డబ్బుతో తను ఎంచుకున్న మొదటి సెన్సర్ ఇదే. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లలో అసలు సెన్సరే ఎప్పుడూ పెట్టుకోనివాళ్లూ ఉన్నారు, ఇన్నాళ్లూ వేలు గుచ్చుకునే నెట్టుకొచ్చారు. ఇద్దరికీ ఇక్కడ మొదటి ప్రశ్న ఒకటే, ఏది కొనాలి? అందుకే ఒకచోట రాసేస్తున్నాను. టైప్ వన్ అంటే ఏమిటో, ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో మీకు నేను చెప్పక్కర్లేదు. సెన్సర్ ఎలా అంటించుకోవాలో యాప్‌లోనే బొమ్మలేసి చూపిస్తారు, అదీ రాయను.

దొరికేవాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎక్కువమంది వాడేది అబాట్ వాళ్ల లిబ్రే. పాతది 14 రోజులు పనిచేస్తుంది, కొన్ని షాపుల్లో ఇంకా కనిపిస్తుంది. లిబ్రే 2 ప్లస్ అయితే 15 రోజులు. ఇది నిమిషానికోసారి రీడింగ్‌ని తనంతట తనే ఫోన్‌కి పంపుతుంది, షుగర్ పడినా పెరిగినా మోగుతుంది. మెడ్‌ట్రానిక్ సెన్సర్లూ ఉన్నాయి కానీ అవి ప్రధానంగా 780జీ లాంటి ఇన్సులిన్ పంపు పెట్టుకునేవాళ్ల కోసం. పంపు ఆలోచన లేకపోతే ఇప్పుడు అటు వెళ్లకండి. ఇవికాక ఆన్‌లైన్‌లో చవగ్గా కొత్త కొత్త పేర్లతో కొన్ని వస్తున్నాయి. వాటిలో మంచివీ ఉండొచ్చు. మీ డాక్టర్ తన పేషెంట్లకి పెట్టి చూసినదైతే సరే, లేకపోతే మొదటి సెన్సర్‌తోనే ప్రయోగాలు వద్దు.

ఖర్చు: ఒక్కో సెన్సర్ నాలుగైదు వేల పైమాటే, నెలకి రెండు కావాలి. ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ చాలావరకు ఆసుపత్రిలో చేరితే ఇచ్చేదే. కంపెనీ పాలసీలో ఓపీడీ కవర్, అంటే ఆసుపత్రిలో చేరకపోయినా ఖర్చు ఇచ్చేది, ఉందేమో హెచ్‌ఆర్‌ని ఒకసారి అడగండి, అడగందే వాళ్లు చెప్పరు. చెయ్యి ఇరుకైతే నెలకి ఒకటి పెట్టుకుని మిగతా రోజులు స్ట్రిప్స్‌తో నడుపుకోండి. చాలామంది అలాగే చేస్తారు, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ ఆ ఒక్కటీ అలారం ఉన్నదే కొనండి.

డెక్స్‌కామ్ అలవాటైపోయింది, మా అక్క వచ్చినప్పుడల్లా తెస్తుంది అంటారు కొందరు. మంచి సెన్సరే, కాదనను. దాని జీ7 మోడల్‌లో మామూలు రకం అరగంటలో మొదలవుతుంది, పది రోజులు పనిచేస్తుంది, పైన 12 గంటల గడువు కూడా ఇస్తుంది. కానీ అది లిబ్రేలా సందు చివరి మెడికల్ షాపులో అడిగితే తీసిచ్చే సరుకు కాదు. అక్క టికెట్ వాయిదా పడితే? మధ్యలో సెన్సర్ ఫెయిలైతే? కంపెనీ ఇంకోటి పంపినా అది అమెరికా అడ్రస్‌కే పోతుంది. ఒక దేశపు సెన్సర్ ఇంకో దేశపు యాప్‌తో కలవకపోవడం కూడా మామూలే. మీ ఆపిల్ ఐడీ ఇంకా అమెరికాదే అయితే ఇక్కడి సెన్సర్ యాప్ మీకు స్టోర్‌లో కనిపించకపోవచ్చు. సెన్సర్ కొనకముందే ఆ సంగతి చూసుకోండి, తర్వాత కాదు. సూట్‌కేసులో వచ్చినవి అత్యవసరానికి దాచుకోండి. రోజూ వాడేది మాత్రం మంగళవారం సాయంత్రం మీ వీధిలో అడిగినా దొరికేదై ఉండాలి.

నేను ఈ ఊరికి వచ్చింది ఎండాకాలంలో. తెచ్చుకున్నవి అయిపోయాక ఒక షాపులో "రెండూ ఒకటే సార్, ఇది రేటు తక్కువ" అని పాతది చేతిలో పెట్టాడు. ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఒక తెల్లవారుజామున బనియన్ తడిసి ముద్దయి, పెదాలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చింది. స్కాన్ చేస్తే 47. వెనక్కి చూస్తే గ్రాఫ్ రెండు గంటలుగా డెబ్బై గీత కిందే పాకుతోంది. అంతసేపూ సెన్సర్‌కి తెలుసు, నాకు చెప్పే దారే దానికి లేదు. గోడ పట్టుకుని ఫ్రిజ్ దాకా నడిచి, చక్కెర డబ్బా మూత రాక నేల మీద కూర్చుండిపోయాను. ఆ వేసవిలో అలాంటి రాత్రులు ఇంకా వచ్చాయి. అందుకే యాక్యురసీ శాతాలు, సైజు, అంటించుకుంటే నొప్పి పుడుతుందా అన్న ప్రశ్నలు నన్నడిగితే చిరాకొస్తుంది. రాత్రి మోగుతుందా, మోగదా? ముందు అది అడగండి.

మోగే సెన్సర్ కొనగానే పనైపోయిందనుకోకండి, అసలు తలనొప్పి ఫోన్‌తో ఉంటుంది. సెన్సర్ బ్లూటూత్‌లో మాట్లాడుతుంది, మోగేది ఫోన్. మీ ఆండ్రాయిడ్ ఫోన్ బ్యాటరీ మిగల్చాలని రాత్రిపూట యాప్‌ని నిద్రపుచ్చేస్తే అలారం రాదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి. డూ నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా మోగేలా అనుమతి ఇవ్వండి. బ్లూటూత్ ఆపకండి. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి, బెడ్‌రూంలో తలుపేసుకుని పడుకోకండి. సెన్సర్‌ని మీరు రాత్రి పక్కన పెట్టుకునే ఫోన్‌తోనే మొదలుపెట్టండి, మధ్యలో ఇంకో ఫోన్‌కి మార్చుకోవచ్చులే అన్న ధీమా వద్దు. సిగ్నల్ పోయిందని చెప్పే అలారం ఇంకోటి ఉంటుంది. విసుగొచ్చి చాలామంది మొదట ఆపేసేది దాన్నే. దాన్ని ఆపితే మిగతావి మోగకపోయినా మీకు తెలిసే దారి ఉండదు.

ఇంకొకటి. ఇప్పుడు జిమ్‌కి వెళ్లే ప్రతివాడూ షుగర్ లేకపోయినా చేతికి సెన్సర్ పెట్టుకుని, 140 దాటితే కొంపలు మునిగినట్టు మాట్లాడుతున్నాడు. వాళ్ల మాట విని మీరు హై అలారం 140కి పెట్టారనుకోండి, రెండు ఇడ్లీలకే మోగుతుంది, చాయ్‌కి మోగుతుంది, మీటింగ్‌లో మోగుతుంది. మూడో రోజుకి మొత్తం అలారాలు ఆపి పారేస్తారు, దాంతోపాటు లో అలారం కూడా పోతుంది. మనకి మామూలుగా చెప్పే పరిధి 70 నుంచి 180. రోజులో డెబ్బై శాతానికి మించి అందులో ఉంటే బాగున్నట్టే. మొదట్లో హై అలారం 250 దగ్గర పెట్టుకోండి, తర్వాత మెల్లగా దించుకోవచ్చు. లో అలారం 70 కంటే కిందికి దించకండి. షుగర్ పడుతున్నా ఒంట్లో తెలియని వాళ్లయితే ఇంకాస్త పైన పెట్టమని డాక్టరే చెప్తారు. లండన్ నుంచి వచ్చినవాళ్లకి: ఇక్కడ లెక్కంతా ఎంజీల్లో. మీ నంబరుని 18తో హెచ్చవేసుకోండి, మీ 3.9 మాకు 70.

ఒక్కరే ఉంటున్నారా? అయితే అలారం వినడానికి ఇంకో మనిషి కావాలి. లిబ్రేలింక్‌అప్ అని వేరే యాప్ ఉంది. మీ రీడింగులు అమ్మ ఫోన్‌లోకీ, అన్నయ్య ఫోన్‌లోకీ వెళ్తాయి, వాళ్ల దగ్గరా మోగుతుంది. ఖమ్మంలో ఉన్న అమ్మ లేచి ఫోన్ చేస్తుంది సరే, మీరు ఎత్తకపోతే ఎవరు తలుపు కొడతారు? పక్క ఫ్లాట్ ఆంటీకో, వాచ్‌మన్‌కో విషయం చెప్పి పెట్టండి. తాళంచెవి ఒకటి నమ్మకమైన చోట ఉంచండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదని, 108కి ఫోన్ చెయ్యాలని వాళ్లకి ముందే చెప్పండి. షుగర్ బాగా పడి స్పృహ తప్పితే ఇచ్చే గ్లూకగాన్ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ని మొదటి విజిట్‌లోనే అడగండి, అది అన్ని షాపుల్లోనూ ఉండే మందు కాదు. షుగర్ ఉందని చెప్పుకుంటే ఏమనుకుంటారోనని మొహమాటపడే ఊరు కాదిది. ఇక్కడ ఇంటికొకరికి షుగర్ ఉంటుంది. కాకపోతే చిన్న వయసుకి రావడమేమిటని జాలిపడి, కాకరకాయ రసం తాగమంటారు. నవ్వి ఊరుకోండి, ఇన్సులిన్ మాత్రం ఆపకండి.

మోగినప్పుడు ఏం చెయ్యాలో మీకు తెలుసు: మూడు చెంచాల చక్కెరో, గ్లూకాన్-డీనో, పావుగంట ఆగడం. కానీ సెన్సర్ కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింది నీటిలో. అందుకే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. మీరు చక్కెర తిన్నాక రక్తంలో షుగర్ లేచినా స్క్రీన్ మీద ఇంకా 58 అనే ఉంటుంది. కంగారుపడి ఇంకో గ్లాసు తాగితే పొద్దున్నకి 300. అలాంటప్పుడు వేలు గుచ్చి చూడండి. గ్లూకోమీటర్ పారేసేంత ధైర్యం ఏ సెన్సర్ పెట్టుకున్నా వద్దు. ఆ చెయ్యి మీదే ఒత్తిగిల్లి పడుకున్నా షుగర్ లేనిపోనిది తక్కువ చూపిస్తుంది. పెట్టుకున్న మొదటి రోజు అంకెలు కూడా కాస్త అటూ ఇటూగా ఉంటాయి, కాబట్టి కొత్త సెన్సర్‌ని పడుకోబోయే ముందు కాకుండా పొద్దున పెట్టుకోండి.

ఎక్కువ ఉన్నప్పుడు ఇంకో పొరపాటు. బిర్యానీ తిన్న గంటకి అంతా బాగానే ఉంటుంది. నెయ్యి, మాంసం వల్ల షుగర్ అసలు ఎక్కడం రెండు మూడు గంటల తర్వాత మొదలవుతుంది. స్క్రీన్ మీద బాణం పైకి చూపిస్తోందని ఇంకో నాలుగు యూనిట్లు, అరగంటకి ఇంకో మూడు వేసుకుంటే, అన్నీ కలిసి అర్ధరాత్రి ఒకేసారి పనిచేస్తాయి. భోజనానికి వేసే ఇన్సులిన్ ఒంట్లో సుమారు నాలుగు గంటలు ఉంటుందని గుర్తుంచుకోండి. బిర్యానీ రోజుల లెక్క డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోండి.

మాత్రల సంగతి. లిబ్రే 2 రకం పెట్టుకుని, పెట్టెలోని కాగితంలో రాసిన పరిమితి దాటి విటమిన్ సీ వేసుకుంటే షుగర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. జలుబు చేసిందని చప్పరించే లిమ్సీ ఒక్కటే 500 మిల్లీగ్రాములు. మెడ్‌ట్రానిక్ గార్డియన్ సెన్సర్ వాళ్లకి ఇదే ఇబ్బంది పారాసిటమాల్‌తో, అంటే మన డోలోతో. ఆ అంకె చూసి పంపు ఇన్సులిన్ ఎక్కించేస్తుంది కాబట్టి జ్వరం వస్తే ముందు డాక్టర్‌కి చెప్పండి.

మే నెలలో ఆన్‌లైన్ ఆర్డర్ పెట్టకండి. పెట్టె మీద ఎంత వేడి వరకూ తట్టుకుంటుందో ముద్రించి ఉంటుంది. డెలివరీ బండి మీద మధ్యాహ్నమంతా తిరిగొచ్చిన సెన్సర్‌కి అంతకంటే ఎక్కువే తగిలి ఉంటుంది. ఏసీ ఉన్న షాపుకి సాయంత్రం వెళ్లి, పేరు పూర్తిగా చదివి, ఎక్స్‌పైరీ చూసి, బిల్లుతో తీసుకోండి. చెమటకి అంచులు లేస్తాయి, పైన అంటించే టేపు కూడా అడగండి.

సెన్సర్‌తో సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేను: ఇక్కడ ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లవీ ఉన్నాయి. వాటికి ఎర్ర మూత సిరంజి. మీరు అక్కడ వాడినవి 100వి, నారింజ మూతవి. సీసా ఒక రకం, సిరంజి ఇంకో రకం అయితే డోసు రెండున్నర రెట్లు తేడా కొడుతుంది.

సరే, ఇంత భయపెట్టాక ఇదీ చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. టైప్ వన్‌తో ఉండటానికి హైదరాబాద్ చెడ్డ ఊరేమీ కాదు. నిమ్స్‌లో, ఉస్మానియాలో, గాంధీలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. ప్రైవేటులో అయితే అమెరికాలోలా నెలల తరబడి అపాయింట్‌మెంట్ కోసం ఆగక్కర్లేదు. ఇన్సులిన్ అక్కడి ధరలతో పోలిస్తే బాగా తక్కువ. రాత్రంతా తెరిచి ఉండే మెడికల్ షాపులున్నాయి. అలారాలు కుదిరి, వేడికి ఏం చెయ్యాలో తెలిశాక నాకూ నిద్ర పట్టింది, మీకూ పడుతుంది.

సెన్సర్ గడువుకి ముందే ఊడినా, ఎర్రర్ వచ్చినా పారేయకండి. పెట్టె మీద సీరియల్ నంబరు ఫొటో తీసి ఉంచుకుని కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, చాలాసార్లు మారుస్తారు. వాళ్లు మొదట అడిగేవి ఆ నంబరు, బిల్లు.