హీరో మధ్యలో కన్నుమూస్తే: షూటింగ్ మళ్లీ మొదలుపెట్టే ముందు

బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపకుండా సెట్టు విప్పొద్దు, రీషూట్ ఖర్చు పెట్టొద్దు. తొందరపడితే క్లెయిమ్‌కు కొర్రీ పడుతుంది.

ఎడిటర్ చేత ఉన్న ఫుటేజీ అంతా సీన్ల వరసలో పేర్పించండి. పక్కన పడేసిన టేకులు, మేకప్ టెస్టులు, కాలర్ మైకు ట్రాకులు ఏవీ చెరపొద్దు. ఆయన తల తిప్పిన రెండు సెకన్లే రేపు ఒక సీన్‌ను నిలబెట్టొచ్చు. కథ మార్పు ఆ తర్వాతే.

డూప్‌కు ముఖం కన్నా నడక, భుజాల వెడల్పు కలవాలి. వీపు వైపు షాట్లే ఎక్కువ. 1993లో దివ్యభారతి మరణించాక ‘తొలిముద్దు’ను రంభతో పూర్తిచేశారు.

గ్రాఫిక్స్‌లో ముఖం సృష్టించాలంటే ముందు కుటుంబం సంతకం. పాత ఒప్పందంలో ఆ హక్కు ఉండకపోవచ్చు.

డబ్బింగ్‌కు ముందు లొకేషన్ సౌండ్ (షూటింగ్‌లోనే రికార్డయిన గొంతు) శుభ్రం చేయించి వినండి. అది పనికిరాకపోతే వేరేవాళ్ల గొంతు. కన్నడ చిత్రం ‘జేమ్స్’లో దివంగత హీరో పునీత్ రాజ్‌కుమార్‌కు అన్న శివరాజ్‌కుమార్ గొంతిచ్చారు.