పక్కన నిలబడ్డ పాత్రను చదవడం ఎలా: డాక్టర్ మార్కో

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్ అనే జపాన్ అనిమే (యానిమేషన్) సిరీస్ చూసినవాళ్ళు నలుగురు కలిస్తే మాట సైన్యాధికారి రాయ్ మస్టాంగ్ మీదకి వెళ్తుంది, అతని స్నేహితుడు హ్యూస్ మీదకి వెళ్తుంది, తన జాతిని చంపినవాళ్ళ మీద పగ తీర్చుకునే స్కార్ చేసింది తప్పా ఒప్పా అని ఓ గంట వాదన నడుస్తుంది. డాక్టర్ టిమ్ మార్కో పేరు మాత్రం ఎవరి నోటా రాదు. నాకిది చాలాకాలంగా బాధగా ఉంది. ఆ 64 ఎపిసోడ్లలో నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఏదన్నా ఉందంటే అది ఆయన దగ్గరే ఉంది. అందుకే ఇలాంటి పాత్రను, అంటే ఎవరూ పట్టించుకోని, మంచివాడో చెడ్డవాడో తేల్చలేని మనిషిని ఎలా చదవాలో, ఎలా రాయాలో ఆయన్నే ముందు పెట్టుకుని చెప్తాను. కథ చివరిదాకా మాట్లాడతాను కాబట్టి సిరీస్ చూడనివాళ్ళు ముందు చూసి రండి.

మొదట పాత్రను ఎంచుకోవడం. తక్కువసేపు కనిపించే ప్రతి పాత్రలోనూ లోతు ఉండదు, లేనిచోట తవ్వి ప్రయోజనం లేదు. నేను చూసేది ఒకటే. ఈ మనిషిని తీసేస్తే కథ ఎక్కడ ఆగిపోతుంది? మార్కోని తీసేయండి. ఆల్కెమీకి (పదార్థాన్ని ఇంకో రూపంలోకి మార్చే విద్యకి) అపారమైన శక్తినిచ్చే ఫిలాసఫర్స్ స్టోన్‌ను దేనితో చేస్తారో కథానాయకుడు ఎడ్వర్డ్‌కి తెలిసే దారి మూసుకుపోతుంది. ఉత్తరాన మంచులో ఎన్వీ అనే హోమున్క్యులస్‌ను (ఆ రాయితో తయారైన కృత్రిమ మనిషిని) పడగొట్టేవాడు ఉండడు. చూపు పోయిన మస్టాంగ్‌కి అది తిరిగి రాదు. కథ ఇంతగా ఆనుకున్న మనిషి మనకి గుర్తులేడంటే అక్కడ చూడాల్సింది ఉన్నట్టే.

తర్వాత సిరీస్ మొత్తం మళ్ళీ చూడకండి, ఆ పాత్ర ఉన్న సీన్లు మాత్రమే వరుసగా చూడండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఆయన చేసిన పనులు, కుడివైపు ఆయన అన్న మాటలు రాసుకోండి. అపరాధ భావం ఉన్న మనుషులు బాగా మాట్లాడతారు, మనం ఆ మాటలకి కరిగిపోయి పనుల సంగతి మర్చిపోతాం కాబట్టి ఈ గీత అవసరం. నేను మొదటిసారి మార్కో గురించి రాసినప్పుడు మళ్ళీ చూడకుండా జ్ఞాపకం మీద రాసేసి, ఆయన్ని పిరికివాడని తేల్చేశాను. తర్వాత చూస్తే స్టేషన్ సీన్ నా రాతలో లేనేలేదు. దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు ఆ పనులన్నిటినీ ఆయన బతికిన క్రమంలో పేర్చండి, ఎందుకంటే కథ మనకి చెప్పిన క్రమం వేరు. ఆరో ఎపిసోడ్‌లో మనకి మొదట కనిపించేది డాక్టర్ మౌరో అనే దొంగ పేరుతో ఒక చిన్న ఊళ్ళో వైద్యం చేసుకునే పెద్దాయన. ఊరంతా ఆయనకి దండం పెడుతుంది. స్కార్ జాతివాళ్ళ ప్రాంతం ఇష్వాల్‌లో ఏం జరిగిందో, అందులో ఆయన చెయ్యి ఎంత ఉందో మనకి పూర్తిగా తెలిసేది చాలా తర్వాత, ముప్పయ్యో ఎపిసోడ్ చుట్టుపక్కల. అంటే రచయిత్రి హిరోము అరకావా ముందు ఆయన మీద మనకి ఇష్టం కలిగించి, ఆ తర్వాత నిజం చెప్తుంది. ఆ వరుసను విప్పి నేరుగా పేర్చి చూడండి. ఇష్వాల్ అంతర్యుద్ధం కథలో 1901లో మొదలై ఏడేళ్ళు సాగుతుంది, 1908లో స్టేట్ ఆల్కెమిస్టులను (సైన్యం కింద పనిచేసే ఆల్కెమిస్టులను) దింపి ఒక జాతినే ఊడ్చేస్తారు. ఆ యుద్ధంలో మార్కో సైన్యం తరఫున పనిచేసిన డాక్టరు, ఆల్కెమిస్టు. బతికున్న ఇష్వాల్ ఖైదీల ప్రాణాలు కరిగించి ఫిలాసఫర్స్ స్టోన్ చేశాడు. ఆ రాయి కింబ్లీ అనే స్టేట్ ఆల్కెమిస్టు చేతికి వెళ్ళి ఇంకా ఎంతోమందిని చంపింది. మనవైపు పరుసవేది అంటే ఇనుమును తాకితే బంగారమయ్యే రాయి, ఆశ పుట్టించే మాట. ఈ కథలో దాని ముడిసరుకు మనుషులు. ఆ తర్వాత మార్కో రాళ్ళు, పరిశోధన పట్టుకుని సైన్యం నుంచి పారిపోయాడు. ఊళ్ళో వైద్యం ఆ తర్వాతి సంగతి. ఈ క్రమంలో చూస్తే ఆ దయగల డాక్టరు సీన్ మొత్తం రంగు మారిపోతుంది.

ఎందుకంటే ఆయన ఊళ్ళో నయం చేసింది దేనితో? ఒక మెరుపు మెరిసిందని, రోగం పోయిందని జనం సంబరంగా చెప్తారు. ఆ మెరుపు ఆ రాయిదే. ఒక ఊరి ప్రాణాలు తీసి ఇంకో ఊరికి ప్రాణం పోస్తున్నాడు, ఆ ఊరికి అది తెలియదు.

ప్రతి పని పక్కనా మూడు ప్రశ్నలు రాయండి. తెలిసే చేశాడా? కాదనే వీలుందా? దాని ఖరీదు ఎవరు కట్టారు? మొదటిదానికి మార్కో విషయంలో జవాబు సులువు, తెలిసే చేశాడు. మూడోది కూడా సులువే. రెండోది కష్టం, అక్కడే చాలామంది తప్పు చేస్తారు. యుద్ధంలో ఆజ్ఞ వస్తే ఎవరైనా ఏం చేస్తారు అని ఒక వర్గం, నేనైతే చచ్చినా చేసేవాణ్ణి కాదు అని ఇంకో వర్గం. సోఫాలో కూర్చుని మనం ఏం చేసేవాళ్ళమో అనేది ఇక్కడ పనికిరాదు. అదే కథలో, అదే యుద్ధంలో, అదే ఆజ్ఞ కింద ఉన్న మిగతావాళ్ళు ఏం చేశారో చూడండి. మరో స్టేట్ ఆల్కెమిస్టు అలెక్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంపలేక కుప్పకూలిపోయాడు, అతన్ని వెనక్కి పంపేశారు, ఆ సిగ్గు ఏళ్ళ తరబడి మోశాడు కానీ బతికే ఉన్నాడు. ఎడ్వర్డ్ చిన్ననాటి స్నేహితురాలు విన్రీ తల్లిదండ్రులు రాక్‌బెల్ దంపతులు పక్షం చూడకుండా ఇష్వాల్ గాయపడినవాళ్ళకి వైద్యం చేసి అక్కడే చనిపోయారు. వాళ్ళూ డాక్టర్లే. అంటే కాదనే దారి ఉంది, దానికి ధర ఉంది, మార్కో ఆ ధర కట్టలేదు. ఇది కథే ఇచ్చిన కొలబద్ద కాబట్టి దీన్ని ఎవరూ మీ సొంత అభిప్రాయమని కొట్టిపారేయలేరు.

ఇక్కడొక జాగ్రత్త. 2003లో వచ్చిన 51 ఎపిసోడ్ల పాత సిరీస్, 2009లో మొదలైన బ్రదర్‌హుడ్ వేరు వేరు కథలు. పాతదాంట్లో రాక్‌బెల్ దంపతుల్ని చంపింది మస్టాంగ్, బ్రదర్‌హుడ్‌లో స్కార్. మార్కో దారి కూడా రెండింట్లో ఒకటి కాదు. ఒకదాని సాక్ష్యం తెచ్చి ఇంకోదాంట్లో పెడితే మీ వాదన అక్కడికక్కడే కూలిపోతుంది. అలాగే సబ్‌టైటిల్‌లో ఉన్న ఒక్క మాట పట్టుకుని పేజీలు రాయకండి, అది అనువాదకుడి మాట కావచ్చు. ముఖం, చేతులు, మౌనం, ఎవరు ఎవరికి ఎదురుగా నిలబడ్డారు, వీటి మీద ఆధారపడితే గట్టిగా ఉంటుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, పశ్చాత్తాపాన్ని, దిద్దుబాటును విడదీసి చూడటం. ఏడవడం ఒకటి, చేసినదానికి ఏదో ఒకటి చేయడం ఇంకొకటి. మార్కోలో ఇవి ఒకేసారి రావు, అందుకే ఆయన నాకంత నిజమైన మనిషిలా అనిపిస్తాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ రైలు కిటికీలోంచి ఆయన్ని గుర్తుపట్టి ఎడ్వర్డ్‌తో కలిసి ఇంటికి వెళ్తే, మార్కో తలుపు తీసేది చేతిలో తుపాకీతో. భయం. పరిశోధన పత్రాలు చూపించమని ఎడ్వర్డ్ అడిగితే కాదంటాడు. వాళ్ళు వెళ్ళిపోతారు. తర్వాత ఆ పెద్దాయన స్టేషన్‌కి పరుగెత్తుకొచ్చి పత్రాలు దాచిన చోటు రాసిన కాగితం ఆ కుర్రాడి చేతిలో పెడతాడు. నేను మర్చిపోయిన సీన్ ఇదే. కాదన్నదానికీ పరుగెత్తడానికీ మధ్య ఆ గదిలో ఆయన ఒక్కడే ఉన్న ఆ కాసేపు మనకి చూపించలేదు. మీ విశ్లేషణ నిలబడాల్సిన చోటు ఆ చూపించని కాసేపు.

ఆ పత్రాలు ఎలా దాచాడో కూడా చూడండి. సెంట్రల్ లైబ్రరీలో వంటల పుస్తకం రూపంలో, వంటకాల మాటున సంకేతాలతో. లస్ట్ అనే ఇంకో హోమున్క్యులస్ లైబ్రరీని తగలబెట్టినా, అక్కడ పనిచేసిన షెస్కా చదివినదంతా గుర్తుంచుకుని మళ్ళీ రాసివ్వబట్టి ఎడ్వర్డ్, అతని తమ్ముడు ఆల్ఫాన్స్ దాన్ని విప్పగలిగారు. నా ప్రశ్న ఏంటంటే, ఎవరికీ తెలియకూడదనుకున్నవాడు కాల్చేస్తాడు కదా, సంకేతంలో రాసి లైబ్రరీలో ఎందుకు పెడతాడు? ఎప్పటికైనా ఎవరో ఒకరు విప్పి తనని పట్టుకోవాలని ఆయనలో ఒక మూల కోరుకుందని నేను నమ్ముతాను. ఇది నేను అర్థం చేసుకున్న తీరు, కథ నేరుగా చెప్పదు. మీరు రాసేటప్పుడు కూడా కథ చెప్పింది ఏదో, మీరు అర్థం చేసుకున్నది ఏదో విడిగా తెలిసేలా రాయండి.

హోమున్క్యులస్‌లు ఆయన్ని పట్టుకుని, పారిపోయినా చచ్చినా ఊరిని తుడిచేస్తామని బెదిరించి బంధిస్తారు. అక్కడికి స్కార్ వస్తాడు. మార్కో తనని చంపమని బతిమాలతాడు. పైకి ఇది ప్రాయశ్చిత్తంలా కనిపిస్తుంది, నాకు మాత్రం అది ఇంకో పారిపోవడమే. మీ నోట్‌బుక్‌లో దీన్ని ఎటువైపు రాస్తారో ఆలోచించండి. అయితే ఎదుటి వాదన కూడా బలమైనదే. స్కార్ చేతిలో చస్తే హోమున్క్యులస్‌ల పని చెడుతుంది, ఊరి మీద నింద పడదు, అది లెక్క ప్రకారం సరైన పనే కదా అంటారు. ఆ వాదనను దాచకుండా మీ రాతలో పెట్టి, తర్వాత ఎందుకు ఒప్పుకోరో చెప్పండి. స్కార్ మాత్రం ఇష్వాల్‌లో ఏం జరిగిందో అంతా చెప్పమంటాడు, తర్వాత ఆయన ముఖాన్ని గుర్తుపట్టలేనంతగా ఛిద్రం చేసి తీసుకుపోతాడు. బాధితుల పక్షాన ఎవరో ఒకరు మార్కోని నేరుగా నిలదీసింది అక్కడే. దిద్దుబాటు కూడా అక్కడినుంచే మొదలవుతుంది, స్కార్ వాళ్ళ అన్నయ్య రాసిన పుస్తకాన్ని విప్పడానికి సాయపడటం, తర్వాత ఎన్వీ లోపలి రాయిని తన చేతులతో పగలగొట్టడం. చేయడం తెలిసినవాడికి విరగ్గొట్టడం కూడా తెలుసు.

చివర్లో మార్కో తన దగ్గరున్న రాయిని మస్టాంగ్ చూపు కోసం ఇస్తానంటాడు, బదులుగా ఇష్వాల్ జనాన్ని వాళ్ళ నేలకి తిరిగి రానివ్వమంటాడు, తాను అక్కడ డాక్టరుగా ఉంటానంటాడు. మస్టాంగ్ ముందు తన కింద పనిచేసిన హావోక్ కాళ్ళు బాగుచేయమంటాడు. చాలామంది ఇక్కడ కళ్ళు తుడుచుకుని వదిలేస్తారు, నేనూ అలాగే వదిలేశాను. కానీ ఆ రాయిలో ఉన్నవాళ్ళని ఎవరు అడిగారు? అదే కథలో ఎడ్వర్డ్, ఆల్ఫాన్స్ పోగొట్టుకున్న తమ శరీరాల కోసం కూడా ఆ రాయి వాడకూడదని నిర్ణయించుకున్నారు. వాళ్ళ తండ్రి హోహెన్‌హైమ్ తనలో ఉన్న 536329 ప్రాణాలతో ఒక్కొక్కరితో మాట్లాడాడు, వాళ్ళ పేర్లు తెలుసుకున్నాడు. మార్కో తన రాయిలోని ఒక్క పేరు చెప్పగా మనం వినం. అలాగని రాయిని పక్కన పెట్టేస్తే ఆ ప్రాణాలు తిరిగొస్తాయా, ఇష్వాల్‌కి మేలు జరుగుతుందా? నాకు జవాబు దొరకలేదు, దొరకలేదనే రాశాను. సంఘర్షణ ఉన్న పాత్రను తీర్పుతో ముగించాలన్న నియమం ఎక్కడా లేదు.

బయటి చరిత్ర తేవాలనుకుంటే కొంచెం తెండి. అరకావా ఈ కథ కోసం యుద్ధంలో పాల్గొన్నవాళ్ళతో, శరణార్థులతో మాట్లాడింది. జపాన్ సైన్యం 731వ యూనిట్ పేరుతో హార్బిన్ దగ్గర బతికున్న ఖైదీల మీద ప్రయోగాలు చేసింది, దాన్ని నడిపిన షిరో ఇషీ డాక్టరు, యుద్ధం తర్వాత అమెరికా ఆ సమాచారం కోసం అతన్ని విచారణ లేకుండా వదిలేసింది. ఇది తెలిశాక మార్కోని చూడటం వేరుగా ఉంటుంది. అయితే రచయిత్రి అదే మనసులో పెట్టుకుందని రాయకండి, మీకు గుర్తొచ్చిందని రాయండి, చాలు.

రాయడం మొదలుపెట్టేటప్పుడు పాత్ర జీవిత చరిత్రతో మొదలుపెట్టకండి, అది చదవకుండానే జనం వెళ్ళిపోతారు. ఒక సీన్‌తో మొదలుపెట్టండి. నేనైతే ఇప్పుడు రాస్తే వంటల పుస్తకంతో మొదలుపెడతాను, పరుగెత్తిన స్టేషన్ మధ్యలో పెడతాను. చేయి తిరగడానికి ఇదే పద్ధతిలో డాక్టర్ నాక్స్ మీద ఒకసారి ప్రయత్నించండి, అదే యుద్ధంలో కాలిపోయిన శవాలని పరీక్షించిన డాక్టరు. ఆ తర్వాత ఇంట్లోంచి వేరుపడి ఒంటరిగా శవాల మధ్య బతికినవాడు, చాలా ఏళ్ళకి భార్యాకొడుకూ ఇంటికొస్తే వెక్కి వెక్కి ఏడ్చినవాడు. ఇద్దరిలో ఎవరు ఎవరి దగ్గరికి తిరిగి వెళ్ళగలిగారో పక్కపక్కన రాసుకుంటే చాలా దొరుకుతుంది.

పోస్ట్ చేసే ముందు మార్కో మస్టాంగ్‌తో మాట్లాడే ఆ ఆసుపత్రి సీన్ ఇంకోసారి చూడండి, ఈసారి మాటలు వినకుండా ఆయన ముఖం మాత్రమే. ఎదురుగా ఉన్నవాడి కళ్ళు బాగుచేయగల రాయి చేతిలో ఉంది, ఆయన ముఖం మాత్రం స్కార్ చేసిపెట్టినట్టే ఉంది.