గడప బయట నిలబడ్డ కొడుకు: గోదావరి డెల్టాలో రక్తపిశాచి నవల రాయడం ఎలా

రక్తపిశాచి నవల రాయదలచిన తెలుగు రచయితకు మొదట ఎదురయ్యే చిక్కు సమాధి. 1897లో వెలువడిన బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’లో పిశాచి పగలు మట్టి నింపిన పెట్టెలో పడుకొని రాత్రి లేస్తాడు. శవాన్ని పూడ్చిపెట్టే సమాజంలో పుట్టిన ఊహ అది. శవాన్ని దహనం చేసి అస్థికలను గోదావరిలో కలిపే ఇంట్లో లేచి రావడానికి శరీరమే మిగలదు. కాబట్టి పాశ్చాత్య కథల్లో పిశాచిని తరిమే సిలువనూ వెల్లుల్లినీ తెచ్చి కోనసీమకు అతికించే ముందు, మన ఆచారంలో ఏ చావు తీరకుండా మిగిలిపోతుందో వెతకండి. నవలకు పునాది అక్కడ పడాలన్నది నా గట్టి నమ్మకం.

అలాంటి చావు ఉప్పెన చావు. 1839 నవంబరు 25న, అంటే వికారి నామ సంవత్సరం కార్తీక బహుళ పక్షంలో, కోరంగి రేవును సముద్రం ముంచెత్తింది. ఓడ మీద పనికి వెళ్లిన పెద్ద కొడుకు ఆ రోజు కనిపించకుండా పోయాడనుకోండి. శవం దొరకలేదు. జాడ తెలియనివాడి కోసం పన్నెండేళ్లు ఎదురుచూసి, ఆపైన దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపించే ఆచారం ఉంది. లెక్క వేస్తే ఆ గడువు 1851లో, విరోధికృతు నామ సంవత్సరంలో, తీరుతుంది. అప్పటికి ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలైన ఆనకట్ట పని ఇంకా సాగుతూనే ఉంది. నదికి అడ్డుకట్ట పడుతున్న ఏడాదిలోనే ఆ నది చేరే సముద్రం మింగినవాడు తిరిగి రావడం కథకు ఎంత బలాన్నిస్తుందో ఆలోచించండి.

గోతిక్ కథలో, అంటే పాత కోటల్లో నడిచే పాశ్చాత్య భయకథలో, కోట చేసే పనిని ఇక్కడ నడుమ పైకప్పు లేని మండువా లోగిలి చేస్తుంది. కోట గోడలు వానను బయటే ఆపితే, మండువా నాలుగు వైపుల చూరు నీటినీ ఇంటి నడుమకే దింపుతుంది. ఆ ఇంట్లోవాళ్లు తుఫాను రాత్రంతా వాన పక్కనే పడుకుంటారు. ఈ ఒక్క విషయాన్ని ఆధారం చేసుకొని ఒక అధ్యాయం రాయవచ్చు. ఆ కొడుకు రక్తపిశాచిగా తిరిగి వచ్చే ఘట్టాన్ని మాత్రం తొందరపడకుండా రాయండి. ఆముదం దీపం కొడిగట్టి ఉంటుంది, గడపకు పొద్దున రాసిన పసుపు ఇంకా పచ్చగానే ఉంటుంది, గడప అవతల రెండు తడి పాదాలు కనిపిస్తాయి. వాన వెలిసి చాలాసేపయినా ఆ పాదాల కింద నీరు ఊరుతూనే ఉంటుంది. “అమ్మా, లోపలికి రమ్మనవా?” అని అతను అడుగుతాడు. పిలవనిదే లోపలికి రాలేకపోవడమన్నది పాశ్చాత్య కథల్లోని నియమమే అయినా, పసుపు రాసిన గడప దగ్గర దానికి వేరే వివరణ అక్కర్లేదు.

భక్తిని అలంకారంగా వాడుకోకండి. పూజారిని విభూతి చల్లి పిశాచాన్ని తరిమే మనిషిగా కుదించేస్తే కథలో భయం పోతుంది, భక్తీ పోతుంది. అంతర్వేది స్థలపురాణాన్ని ఒకసారి తలచుకోండి. రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తురు నేల మీద పడితే, అది తడిపిన ఇసుక రేణువులెన్నో అంతమంది రాక్షసులు పుట్టుకొచ్చేవారనీ, నరసింహస్వామి సంకల్పంతో మాయాశక్తి నాలుక చాచి ఆ నెత్తురును నేల తాకకుండా పట్టిందనీ, తర్వాత అదే రక్తకుల్య అనే ఏరుగా పారిందనీ చెబుతారు. లోకాన్ని కాపాడడానికి నెత్తురు పట్టిన దేవత కథ వింటూ పెరిగిన కొడుకు, ఇప్పుడు దాహం కోసం నెత్తురు తాగుతున్నాడు. అతని సిగ్గు ఎంత లోతైనదో పాఠకుడికి అందాలంటే ఆ కథను నవలలో ముందుగానే, తల్లి నోట, పిల్లలకు అన్నం కలిపి పెట్టే వేళ చెప్పించండి.

కాలం విషయంలో జాగ్రత్త పడండి. గోదావరి జిల్లా 1859లో ఏర్పడింది కాబట్టి మీ పాత్రలు రాజమహేంద్రవరం జిల్లా అనే అనాలి. ఆనకట్ట కాలువల మీద పడవ ప్రయాణాలను 1839 నాటి అధ్యాయాల్లో రాయకూడదు. యానాంలో ఫ్రెంచివారు ఉన్నారు, నర్సాపురంలో 1830ల చివరి నాటికే ఇంగ్లండు నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు ఉన్నారు. శవాన్ని పూడ్చే మతం పక్క ఊళ్లోనే ఉన్నప్పుడు పురోహితుడూ మిషనరీ ఈ చావు గురించి ఏం మాట్లాడుకుంటారో ఊహించండి, కానీ ఇద్దరిలో ఎవరినీ మూర్ఖుడిగా చూపించకండి.

ముగింపుకు కావలసిన సామగ్రి ధర్మశాస్త్రంలోనే ఉంది. కర్మ జరిగిపోయిన మనిషి బ్రతికి తిరిగి వస్తే నేతితో స్నానం చేయించి, పుట్టిన బిడ్డకు చేసే జాతకర్మ మొదలుకొని సంస్కారాలన్నీ మళ్లీ జరిపి, అప్పుడే పుట్టినవాడిలా ఇంట్లో చేర్చుకోవాలంటారు. అది బ్రతికున్నవాడికి చెప్పిన విధి. ఇతను బ్రతికున్నాడా లేదా అన్నది పురోహితుడు తేల్చలేడు, తల్లి అడగదు. జాతకర్మలో నాలుకకు తేనె, నెయ్యి రాస్తారు. పురోహితుడి వేలు అతని నాలుకను తాకే దాకా కథను నడపండి. అతనికి తగిలిన రుచి ఏమిటో ఒక్క వాక్యంలో రాసి, అక్కడే కలం ఆపండి.