హైబ్రిడ్ కారు బ్రేకులు: అరగకపోయినా ఎందుకు విప్పాలి, ముందు ప్యాడ్లు ఎలా మార్చాలి?

ఒడిశాలోని బరంపురంలో హైబ్రిడ్ కారు ఉన్న తెలుగువాళ్ళు ఎవరిని కదిపినా ఒకటే మాట: "దీనికి బ్రేకులు అరగవండీ." నేనూ అదే నమ్మాను. 46 వేల కిలోమీటర్ల దగ్గర ముందు కుడి చక్రం విప్పితే బయటి ప్యాడ్ (డిస్క్‌ను పట్టి బండిని ఆపే బిళ్ళ) దాదాపు కొత్తదిలా ఉంది, లోపలి ప్యాడ్ మాత్రం రేకు దాకా అరిగిపోయింది. అంతకు నాలుగు నెలల ముందే సర్వీసులో "ప్యాడ్లు బాగున్నాయి" అని కాగితం మీద రాసిచ్చారు. చక్రం విప్పకుండా సందులోంచి టార్చి వేసి చూస్తే కనిపించేది బయటి ప్యాడే మరి.

ఎందుకలా అయింది? హైబ్రిడ్‌లో పెడల్ మెల్లగా తొక్కితే ముందు పనిచేసేది ప్యాడ్లు కాదు, మోటారు. అది జనరేటర్‌లా తిరిగి బండి వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. గట్టిగా తొక్కినప్పుడు, బండి పూర్తిగా ఆగే చివరి క్షణాల్లో, బ్యాటరీ నిండిపోయినప్పుడు మాత్రం ప్యాడ్లు చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ను గట్టిగా పట్టుకుంటాయి. మిగతా సమయమంతా వాటికి పెద్దగా పని ఉండదు. పని లేని ఇనుము తుప్పు పడుతుంది. గోపాలపూర్ సముద్రం మనకి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది, ఆ ఉప్పుగాలికి వానాకాలం తోడైతే కాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్క్‌కి నొక్కే భాగం) కదలడానికి ఉన్న స్లైడ్ పిన్లు ఎండి బిగుసుకుపోతాయి. అప్పుడు పిస్టన్ (కాలిపర్‌లో బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో ముందుకొచ్చే దిమ్మ) నెట్టే లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతుంది.

మన రోడ్లతో ఇంకో చిక్కు ఉంది. కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు వైపు వస్తుంటే కొంత దూరానికే బ్యాటరీ నిండిపోతుంది. ఇక మోటారు ఆ శక్తిని తీసుకోలేదు, భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. ఏడాదిగా సరిగ్గా పనిచేయని బ్రేకుల అవసరం సరిగ్గా అక్కడే వస్తుంది. అందుకే హైబ్రిడ్‌కి ప్యాడ్ మందం చూడడం సరిపోదు. వానలు వెళ్ళాక ఏడాదికోసారైనా విప్పి, పిన్లు తీసి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టాలి.

ఇక్కడ చెప్పేది హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్ల (మోటారు ఒక్కదానితోనూ కొంత దూరం నడవగలిగేవి) గురించి. 'స్మార్ట్ హైబ్రిడ్' పేరుతో వచ్చేవాటికి మామూలు కారు పద్ధతే చాలు.

పానా పట్టే ముందు

ఈ భాగం తొందరగా దాటేయకండి. చాలా హైబ్రిడ్లలో బ్రేకు ఒత్తిడిని ఎలక్ట్రిక్ పంపు తయారుచేస్తుంది. కొన్నిటిలో, ముఖ్యంగా టయోటా పద్ధతి వాటిలో, బండి ఆఫ్‌లో ఉన్నా డ్రైవర్ తలుపు తెరిస్తే చాలు, పంపు లేచి ఒత్తిడి నింపుతుంది. ప్యాడ్లు బయట ఉన్నప్పుడు అది జరిగితే పిస్టన్ ముందుకు దూకుతుంది. మధ్యలో వేలు ఉంటే నలిగిపోతుంది. నీళ్ళ సీసా కోసం పిల్లలు తలుపు తీసినా ఇదే ప్రమాదం.

కాబట్టి చదునైన నేల మీద బండి ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, గేరు పి లో పెట్టండి. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. బండి ఆఫ్ చేసి తాళం ఇంట్లో దూరంగా పెట్టండి. లేకపోతే ఎవరైనా పొరపాటున స్టార్ట్ బటన్ నొక్కితే రెడీ లైటు వెలిగి, చప్పుడు లేకుండానే బండి బయలుదేరడానికి సిద్ధంగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు ఆగి 12 వోల్టుల చిన్న బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఆ బ్యాటరీ డిక్కీలో ఉంటే, వైరు తీశాక డిక్కీ మూయకండి, మళ్ళీ తెరుచుకోకపోవచ్చు. నారింజ రంగు తొడుగు ఉన్న వైర్లు పెద్ద బ్యాటరీవి. బ్రేకు పనికి వాటితో అవసరమే రాదు, చెయ్యి పెట్టకండి.

ముందు ప్యాడ్లు మార్చడం

చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు కొంచెం వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి పక్కన కూర్చోవద్దు. కింద స్టాండు పెట్టండి, తీసిన చక్రాన్ని కూడా బాడీ కిందకి తోసి ఉంచండి.

కాలిపర్ వెనక రెండు బోల్టులు ఉంటాయి. తీశాక కాలిపర్‌ని బ్రేక్ ఆయిల్ ట్యూబు మీద వేలాడనివ్వకుండా, తాడుతో స్ప్రింగుకి కట్టండి. పాత ప్యాడ్లు తీసి రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ సమానంగా అరిగితే పిన్లు బాగున్నట్టు. తేడా ఉంటే జబ్బు పిన్లలోనో పిస్టన్‌లోనో ఉంది. దాన్ని సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే పోతాయి. ప్యాడ్ రేకు మీది మసాలా (అరిగే పొర) 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చేయండి. మార్చేటప్పుడు ఎడమ, కుడి రెండు వైపులా మార్చాలి.

డిస్క్ మీద పైపైన ఎర్రటి తుప్పు ఉంటే భయం లేదు, నాలుగు బ్రేకులకు పోతుంది. గుంటలు పడినా, అంచు గట్టులా లేచినా మందం కొలవండి. ఎంతకు తగ్గకూడదో చాలా డిస్కుల మీదే అచ్చు వేసి ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. స్లైడ్ పిన్లు లాగండి. చేత్తో సులువుగా రావాలి. పాత గ్రీజు పూర్తిగా తుడిచి, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. షెడ్డులో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు వద్దు, అది రబ్బరును ఉబ్బిస్తుంది. కొన్నాళ్ళకు పిన్ను మళ్ళీ పట్టేస్తుంది. రబ్బరు తొడుగు చిరిగితే మార్చండి, ఆ చిరుగులోంచే నీళ్ళు పోతాయి. ప్యాడ్ చెవులు (రెండు కొసల్లో పొడుచుకొచ్చిన భాగాలు) కూర్చునే చోటు వైర్ బ్రష్‌తో రుద్దండి. దుమ్ము నోటితో ఊదకండి, మాస్కు కట్టుకోండి.

పిస్టన్‌ను వెనక్కి నెట్టే ముందు బానెట్ తెరిచి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మధ్యలో ఎవరైనా ఆయిల్ పోసి ఉంటే, నెట్టగానే పొంగి పెయింటు మీద పడుతుంది, పెయింటు లేచిపోతుంది. పాత ప్యాడ్ అడ్డుపెట్టి సి క్లాంప్‌తో మెల్లగా నెట్టండి. కొత్త ప్యాడ్లు కూర్చోబెట్టి, కాలిపర్ బోల్టులు కారు పుస్తకంలో చెప్పిన బిగుతుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. రెండో వైపూ ఇంతే.

వెనక చక్రాలు, బ్రేక్ ఆయిల్

ఈ రెండూ ఇంట్లో చేయకండి. బటన్‌తో పనిచేసే పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో వెనక పిస్టన్‌ను మోటారే వెనక్కి తీయాలి. క్లాంప్‌తో నెడితే ఆ మోటారు పాడవుతుంది. ఆయిల్ మార్చడానికి కూడా పంపును నడిపించే స్కానర్ కావాలి. లేకపోతే లోపల గాలి ఉండిపోతుంది. అయినా ఆయిల్ మార్పించడం మాత్రం మానకండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక అది 140 దగ్గరే మరగొచ్చు. ఘాట్‌లో అలా మరిగితే పెడల్ నేల దాకా వెళ్ళిపోతుంది. రెండేళ్ళకోసారి లేదా 40 వేల కిలోమీటర్లకు, ఏది ముందైతే అప్పుడు మార్పించండి. మెకానిక్‌కి ఒడియాలో చెప్పినా తెలుగులో చెప్పినా ఒక్కటి గట్టిగా అడగండి: "పిన్లు బయటకి తీసి నాకు చూపించు."

బండి కదిపే ముందు

చక్రాలు బిగించి, చిన్న బ్యాటరీ వైరు కలపండి. పంపు కాసేపు గుయ్‌మని మోగుతుంది, కంగారు వద్దు. పెడల్‌ను మెల్లగా, గట్టిపడేదాకా తొక్కండి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకుకి బండి ఆగదు. బ్రేకు హెచ్చరిక లైటు ఆరకపోతే బండి తీయకండి.

కొత్త ప్యాడ్లు డిస్క్‌కి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి, ఓ మాదిరి గట్టిగా, పదిసార్లు తగ్గించండి. మధ్యలో చల్లారనివ్వండి. మరీ మెల్లగా తొక్కితే మోటారే ఆపేస్తుంది, ప్యాడ్లకు పని పడదు. తర్వాత కూడా వారానికోసారి, వెనక ఎవరూ లేరని చూసుకుని, రెండు మూడుసార్లు గట్టిగా బ్రేకు వేయండి, డిస్క్ తుడుచుకుంటుంది. ఘాట్ దిగేటప్పుడు మాత్రం, మీ కారులో ఉంటే, గేరును బి లో (ఇంజిన్‌తో బండిని నిదానింపజేసే స్థానం) పెట్టండి, ఎన్ లో ఎప్పుడూ పెట్టకండి.

పది కిలోమీటర్లు తిరిగొచ్చాక చక్రాలకు తగలకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి. ముందు చక్రాలు రెండింట్లో ఒకటి బాగా ఎక్కువగా సెగ కొడుతుంటే, ఆ వైపు పిన్నో పిస్టనో ఇంకా పట్టేసే ఉంది. మళ్ళీ విప్పాల్సిందే.