ఇంగ్లండ్‌లో దుకాణం బోర్డుకు అనుమతి: కొలతలు, వెలుతురు, దరఖాస్తు

ఇంగ్లండ్‌లో టిఫిన్ హోటలో, కిరాణా దుకాణమో తెరవబోయేవారు బోర్డు చేసేవారికి బయానా ఇవ్వడానికి ముందే టేపు పట్టుకుని గోడ కొలవడం మంచిది. దరఖాస్తు పెట్టాలా అక్కర్లేదా అన్నది చాలావరకు బోర్డు కొలతల మీద, దానికి అమర్చే దీపాల మీద ఆధారపడి ఉంటుంది. దీనికి ఆధారం ఆ దేశపు 2007 నాటి ప్రకటనల నియంత్రణ నిబంధనలు. వేల్స్, స్కాట్లండ్‌లకు వేరే నిబంధనలున్నాయి.

దుకాణం పేరు, అక్కడ దొరికే సరుకులు మాత్రమే తెలిపే, దీపాలు లేని బోర్డుకు సాధారణంగా దరఖాస్తు అవసరం లేదు. అయితే అక్షరాల ఎత్తు 0.75 మీటరుకు మించకూడదు. బోర్డు పై అంచు నేల నుంచి 4.6 మీటర్లు దాటకూడదు; మొదటి అంతస్తు కిటికీ అడుగుభాగం అంతకంటే కిందికి ఉంటే అదే హద్దు అవుతుంది. దుకాణమైతే షాపు కిటికీ ఉన్న గోడ మీదనే పెట్టాలి. ప్రత్యేక నియంత్రణ కింద ప్రకటించిన ప్రాంతాల్లో ఈ కొలతలు 0.3, 3.6 మీటర్లకు తగ్గుతాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు చేరి ఎత్తు పెరుగుతుంది కనుక గుడి కొస నుంచి వత్తు చివరి వరకు కొలుచుకోవడమే క్షేమమని నా అభిప్రాయం.

తెలుగు లిపిలో పేరు రాయిస్తే, అనుమతులిచ్చే స్థానిక కౌన్సిల్ అభ్యంతరం చెబుతుందేమోనని ఎవరూ వెనుకాడనక్కర్లేదు. పరిసరాల అందం, ప్రజల భద్రత అనే రెండు అంశాల దృష్ట్యానే కౌన్సిల్ నిర్ణయం తీసుకోవాలి. ఆ రెండింటికీ అవసరమైతే తప్ప బోర్డు మీది విషయానికి షరతులు పెట్టే అధికారం దానికి లేదు.

అసలు చిక్కు వెలుతురు దగ్గరే వస్తుంది. దరఖాస్తు లేకుండా దీపాల బోర్డు పెట్టుకోవాలంటే అక్షరాల వెనుక నుంచి గోడ మీద పడే కాంతి గాని, ఒక్కొక్క అక్షరం లోపలి నుంచి వెలిగే పద్ధతి గాని ఉండాలి. రెండో పద్ధతిలో అక్షరాల వెనుకనున్న పలక వెలగకూడదు. పలక అంతా వెలిగే లైట్‌బాక్సు, పైనుంచి కాంతి పడే దీపాలు, మిణుకుమిణుకుమనే లైట్లు ఈ వెసులుబాటులోకి రావు. కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపాన్ని కాపాడేందుకు గుర్తించిన ప్రాంతంలో), నేషనల్ పార్కులో ఈ వెసులుబాటే లేదు. వెలిగే భాగం 0.5 చదరపు మీటరు లోపు ఉంటే ప్రకాశం చదరపు మీటరుకు 1,000 క్యాండెలాలు (కాంతి తీవ్రతను కొలిచే ప్రమాణం), 2 చదరపు మీటర్ల వరకు 800, 10 వరకు 600, ఆపైన 400 మించకూడదు. ఈ లెక్కలో వెలగని భాగాన్ని కలపరు. రెండువైపులా కనిపించే బోర్డుకు ఒక్కో వైపును విడిగా కొలుస్తారు. ఈ అంకెలు బోర్డు చేసేవారి దగ్గర కాగితం మీద రాయించుకోవాలి.

ఈ హద్దుల్లో దేన్ని దాటినా స్థానిక కౌన్సిల్ ప్లానింగ్ విభాగానికి దరఖాస్తు చేయాలి. ప్లానింగ్ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో పంపవచ్చు. దుకాణం ఎక్కడుందో చూపే 1:1250 లేదా 1:2500 స్కేలు పటం, బోర్డు పెట్టకముందు, పెట్టిన తరువాత గోడ ఎలా ఉంటుందో చూపే డ్రాయింగులు, రుసుము దానితో పాటు ఉండాలి. ఫారంలో బోర్డు పొడవు, వెడల్పు, మందం, నేల నుంచి అడుగు అంచు ఎత్తు, గోడ నుంచి ఎంత ముందుకు వస్తుంది, అక్షరాల ఎత్తు, రంగులు, వాడే పదార్థం, దీపాల తీరు, ప్రకాశం అన్నీ అడుగుతారు. ‘సుమారుగా’ అని రాయకుండా కచ్చితమైన అంకెలే ఇవ్వాలి. భవనం చారిత్రక కట్టడాల జాబితాలో ఉంటే దానికి వేరే అనుమతి కూడా అవసరం కావచ్చు. అద్దె దుకాణమైతే యజమాని సమ్మతిని కాగితం మీద తీసుకోవాలి. ఆ సమ్మతి లేని బోర్డును నిబంధనలు ఒప్పవు.

నిర్ణయానికి గడువు 8 వారాలు. నిరాకరిస్తే, నిర్ణయం అందిన 8 వారాల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఇచ్చిన అనుమతి సాధారణంగా 5 ఏళ్లు ఉంటుంది. అనుమతి లేకుండా బోర్డు పెట్టడం నేరం. 2,500 పౌండ్ల వరకు జరిమానా, ఆ తప్పు కొనసాగితే రోజువారీ జరిమానా పడవచ్చు.

అనుమతి దొరికినా, అక్కర్లేకపోయినా బోర్డు చూడటానికి వికారంగా మారకుండా, జనానికి ప్రమాదం కలిగించకుండా నిర్వహించడం, ట్రాఫిక్ గుర్తులకు అడ్డు రాకుండా చూడటం తప్పనిసరి. కాబట్టి గాలివానలకు వదులైన బోల్టులను, చెమ్మ చేరిన వైరింగును ఏటా చలికాలం రాకముందే చూపించుకోవాలి. బోర్డు తీసేయవలసి వచ్చినప్పుడు గోడను ఎవరికీ ప్రమాదం లేకుండా, అసహ్యంగా కనిపించకుండా వదలాలి గనుక, మేకుల రంధ్రాలు పూడ్చి, తెగిన తీగలు తీసేసిన తరువాతే తాళాలు యజమానికి అప్పగించండి.