కొత్త ఇండీ, పాప్, రాక్ ఆల్బమ్‌లను విడుదలైన వారమే వినడం ఎలా?

ఇండీ (పెద్ద కంపెనీల అండ లేని స్వతంత్ర సంగీతం), పాప్, రాక్ ఏదైనా కొత్త ఆల్బమ్‌లు ఇప్పుడు ఎక్కువగా శుక్రవారం నాడే వస్తాయి. 2015 జూలై 10 నుంచి సంగీత పరిశ్రమ పాటిస్తున్న కట్టుబాటు ఇది. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం వచ్చేవి. స్ట్రీమింగ్ యాప్‌లలో చాలా ఆల్బమ్‌లు ఏ దేశపు అర్ధరాత్రికి ఆ దేశంలో తెరుచుకుంటాయి. అంటే లండన్ బ్యాండ్ పాటలు లండన్ వాళ్లకంటే నల్లగొండ, పాలమూరు వాళ్లకే ముందు అందుతాయి. కొందరు పెద్ద గాయకులు మాత్రం న్యూయార్క్ అర్ధరాత్రి లెక్కన విడుదల చేస్తారు. అప్పుడు మనకు ఉదయం 9:30, అక్కడ చలికాలమైతే 10:30 అవుతుంది.

మొదట చేయాల్సింది యాప్‌ను దారిలో పెట్టడం. రోజూ సినిమా పాటలు వినే ఖాతాకు యాప్ సినిమా పాటలే చూపిస్తుంది. నచ్చిన బ్యాండ్‌లు ఓ ఇరవై వెతికి, ఒక్కొక్కరి పేజీలో ‘ఫాలో’ నొక్కండి. పాటకు లైక్ కొట్టినంత మాత్రాన సరిపోదు. స్పాటిఫైలో ‘రిలీజ్ రాడార్’ ప్రతి శుక్రవారం మారుతుంది, అది ప్రధానంగా మీరు ఫాలో అయినవాళ్లు, తరచుగా వినేవాళ్ల మీద ఆధారపడుతుంది. పిల్లలు అదే ఫోన్‌లో పాటలు పెట్టుకుంటుంటే ‘ప్రైవేట్ సెషన్’ ఆన్ చేసి ఇవ్వండి, లేకపోతే సిఫార్సులు గందరగోళమవుతాయి.

యాప్ ఒక్కదాన్నే నమ్మొద్దు. మీకు నచ్చినవాళ్లను పోలినవాళ్లనే అది తెస్తుంది, బొత్తిగా కొత్త గొంతును తేవడం అరుదు. అందుకు మనుషులు ఎంచిన జాబితాలు కావాలి. అమెరికాలోని సియాటెల్ రేడియో స్టేషన్ కేఈఎక్స్‌పీ యూట్యూబ్‌లో పెట్టే లైవ్ సెషన్లు, బ్యాండ్‌లు తమ పాటలు అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్ నడిపే ‘బ్యాండ్‌క్యాంప్ డైలీ’లో వచ్చే ఆల్బమ్ పరిచయాలు ఈ పనికి చాలా మంచివి. వారానికి మూడు ఆల్బమ్‌లు చాలు. పది పెట్టుకుంటే ఒక్కటీ సరిగా వినరు.

ఇక డేటా లెక్క. 160 కేబీపీఎస్ నాణ్యతలో నిమిషానికి 1.2 ఎంబీ ఖర్చవుతుంది. 40 నిమిషాల ఆల్బమ్‌కు 48 ఎంబీ, 320లో అయితే 96 ఎంబీ. మూడు ఆల్బమ్‌లు 320లో దించుకున్నా 300 ఎంబీ దాటదు కాబట్టి రోజుకు 1.5 జీబీ ప్లాన్ ఉన్నవాళ్లు వెనకాడక్కర్లేదు. మన్ననూరు దాటి శ్రీశైలం వైపు వెళ్లేవాళ్లు మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, నల్లమలలో సిగ్నల్ నిలవదు. స్పాటిఫైలో ఇందుకు డౌన్‌లోడ్ వీలున్న ప్రీమియం ప్లాన్ కావాలి. 30 రోజులకోసారైనా నెట్‌కు కలపకపోతే దించుకున్న పాటలు పోతాయి.

ప్లే నొక్కే ముందు పాటల వరుస మార్చే షఫుల్ ఆపండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఒక పాట చివరను తర్వాతి పాటలో కలిపేసే క్రాస్‌ఫేడ్ సున్నాకు తేండి, పాటల మధ్య ఖాళీ రాకుండా చూసే గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. ఆటోప్లే కూడా ఆపాలి. ఆపకపోతే ఆల్బమ్ అయిపోగానే వేరేవాళ్ల పాట మొదలై, ఆల్బమ్ ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోతుంది.

మొదటిసారి వినేటప్పుడు ఒక్క పాటా దాటేయొద్దు. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. అరనిమిషం విని, గొంతు రాలేదని ముందుకు జరుపుతారు. ద క్యూర్ బ్యాండ్ 16 ఏళ్ల తర్వాత 2024 నవంబర్ 1న తెచ్చిన ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’లో మొదటి పాటకు గొంతు మూడు నిమిషాలు దాటాక గానీ రాదు. ఆ మూడు నిమిషాల గిటార్లు, డ్రమ్స్ వినకుండా తర్వాతి మాటల బరువు అర్థం కాదు. పాప్‌లో ఈ ఓపిక అంతగా అక్కర్లేదు, అక్కడ హుక్ (చెవిలో నిలిచిపోయే ముక్క) ముందే వస్తుంది. రెండోసారి సాహిత్యం తెరిచిపెట్టుకుని వినండి. ఇంగ్లిష్ ఉచ్చారణ అందక వదిలేసిన పాటలు చాలా వరకు అప్పుడు తెరుచుకుంటాయి.

ఆర్టీసీ బస్సులో కొత్త ఆల్బమ్ మొదటిసారి వినకపోవడమే మంచిది. ఇంజిన్ మోత బేస్ గిటార్‌ను మింగేస్తుంది, మనం సౌండ్ పెంచుతాం, చెవులు అలసిపోతాయి. తప్పదనుకుంటే ఇయర్‌బడ్స్‌తో వచ్చిన మూడు సైజుల రబ్బరు తొడుగులూ వేసి చూడండి. సరైన సైజు చెవిని బిగుతుగా మూస్తుంది, బేస్ దానంతటదే తిరిగొస్తుంది.

నచ్చిన ఆల్బమ్‌ను కొనండి. చిన్న బ్యాండ్‌లకు స్ట్రీమింగ్ డబ్బు దాదాపు రాదు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి 1,000 సార్లు కూడా వినని పాటకు రాయల్టీ అసలే లేదు. బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే సైట్ సాధారణంగా 15 శాతం ఉంచుకుంటుంది, మిగతాదాంట్లో చెల్లింపు రుసుములు పోగా బ్యాండ్‌కో లేబుల్‌కో (ఆల్బమ్ విడుదల చేసిన కంపెనీకి) చేరుతుంది. 2020 మార్చి 20న మొదలైన ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ రోజుల్లో ఆ వాటా కూడా తీసుకోదు. ఈ రోజులు ప్రతి నెలా ఉండవు, తేదీలు సైట్‌లో చూసుకోవాలి. లెక్క అమెరికా పశ్చిమ తీరపు గడియారంది కాబట్టి మనకు శుక్రవారం మధ్యాహ్నం 12:30కి, చలికాలంలో 1:30కి మొదలై మర్నాడు అదే వేళకు ముగుస్తుంది. శుక్రవారం పొద్దున్నే కొంటే ఆ లాభం బ్యాండ్‌కు దక్కదు.

కార్డు పని చేయకపోతే బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపులు ఆపి ఉన్నాయేమో చూడండి. చాలా కార్డులకు అవి మొదట ఆపే ఉంటాయి. ఆన్ చేసి, కొని, మళ్లీ ఆపేయండి. డాలర్ ధరపై బ్యాంక్ మార్పిడి రుసుము, దాని మీద జీఎస్టీ పడతాయి. కొన్నాక ఫార్మాట్ అడుగుతుంది. ఇంట్లో కంప్యూటర్‌లో దాచుకోవడానికి నాణ్యత తగ్గని ఫ్లాక్, ఫోన్‌కు ఎంపీ3 320 తీసుకోండి. ఒకసారి కొన్న ఆల్బమ్‌ను రెండు ఫార్మాట్లలోనూ దించుకోవచ్చు.