పార్కు ఉంది, జనం రావడం లేదు: విశాఖ కాలనీ పార్కుల్లో ముందు ఏం బాగుచేయాలి?

విశాఖలో పార్కు అనగానే కైలాసగిరి, తెన్నేటి పార్కు, శివాజీ పార్కు గుర్తొస్తాయి. సెలవు రోజున అవి బాగుంటాయి. కానీ రోజూ సాయంత్రం పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నడిచి వెళ్లగలిగేది వీధి చివరి కాలనీ పార్కుకే. డబ్బు, శ్రద్ధ ముందు అక్కడికే చేరాలి.

సమస్య: ఎన్నిసార్లు నాటినా మొక్కలు బతకడం లేదు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లో పెద్ద పెద్ద చెట్లను కూల్చేసింది. ఆ నీడ మళ్లీ రావాలంటే నాటడం ఒక్కటే చాలదు. నాటడం ఒక పూట పని, నీళ్లు పోయడం రెండు మూడు వేసవుల పని. మా పార్కులో వానల్లో నాటినవి ఏప్రిల్ వచ్చేసరికి పుల్లలయ్యాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కదానికీ పాదు లేదు. పక్కనే కుళాయి ఉంది, తిప్పితే గాలి తప్ప నీళ్లు రావు.

అందుకే మొదటి ఖర్చు బోరు మోటారు, పైపులు. గొయ్యి తవ్వే ముందే వేసవిలో నీళ్లు ఎవరు పోస్తారో తేల్చుకోవాలి. పాదులో ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది. బీచ్ వైపు కాలనీల్లో ఉప్పు గాలిని తట్టుకునే గంగరావి, పొన్న, కానుగ వేయండి. లోపలి కాలనీల్లో వేప, నేరేడు బాగా పెరుగుతాయి.

సమస్య: చీకటి పడితే ఆడవాళ్లు రావడం లేదు

చాలాసార్లు స్తంభం ఉంటుంది, లైటూ వెలుగుతుంది, కాకపోతే కొమ్మల పైన. నడిచే దారి మీద మాత్రం చీకటే. లైట్లను కొమ్మల కిందికి దించి, దారి పక్క పొదలను నడుము ఎత్తుకు కత్తిరించాలి. తాళం వేసి ఉంచని టాయిలెట్ కూడా ఉండాలి. అది లేకపోతే పెద్దవాళ్లు అరగంటకు మించి కూర్చోలేరు.

సమస్య: ఉయ్యాలలు ఏటా పాడవుతున్నాయి

కారణం సముద్రపు గాలి. పైకి కొత్త రంగు మెరుస్తుంటుంది. గొలుసు తగిలించిన కొక్కెం దగ్గర గోటితో గీకితే తుప్పు పొరలుగా రాలుతుంది, లోపల ఇనుము సగం అరిగిపోయి ఉంటుంది. అలా కనిపిస్తే ఆ రోజే ఉయ్యాల దించేయండి, పిల్లల విషయంలో రేపు అనొద్దు. కొత్తది జింకు పూత ఉన్నదే వేయించండి, కింద సిమెంటు కాకుండా ఇసుక పోయించండి.

సమస్య: ప్లానులో పార్కు, అక్కడ చూస్తే షెడ్డు

లేఔట్‌లో పార్కుకని వదిలిన స్థలానికి కంచె లేకపోతే మెల్లగా ఆక్రమణ మొదలవుతుంది. నగరపాలక సంస్థలకు అప్పగించదగ్గ పనుల్లో పార్కులు, ఆటస్థలాలు కూడా ఉన్నాయని రాజ్యాంగం 12వ షెడ్యూలులోనే ఉంది. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో ఆమోదించిన లేఔట్ ప్లాను నకలు అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటే హద్దు ఎక్కడో టేపు పట్టి చూపించొచ్చు.